నడుస్తున్న ప్రోగ్రామును ఆపి చూడటం ఎలా?

ఒక చిన్న ఊహతో మొదలుపెడదాం. హౌరా నుంచి సికిందరాబాదు వచ్చే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో ఒకే ఒక్క బెర్తు మిగిలి ఉందనుకోండి. రెండు కౌంటర్ల దగ్గర ఇద్దరు ప్రయాణికులు ఒకేసారి టికెట్టు అడిగారు. కంప్యూటరులోని ప్రోగ్రాము రెండు పాయలుగా చీలి, ఒక్కో పాయ ఒక్కో ప్రయాణికుడి పని చూస్తోంది. మొదటి పాయ "ఎన్ని బెర్తులు మిగిలాయి?" అని పట్టిక చూసింది. ఒకటి ఉంది. అది ఆ ఒకటిని కొట్టివేసి సున్నా రాసేలోగా రెండో పాయ కూడా పట్టిక చూసింది. దానికీ ఒకటే కనిపించింది. ఇంకేముంది, ఇద్దరికీ అదే బెర్తు!

నిజమైన రిజర్వేషన్ వ్యవస్థలలో ఇలా జరగకుండా తగిన కట్టుదిట్టాలు ఉంటాయి. కాని ఇక్కడ ఒక విషయం గమనించండి. ప్రోగ్రాములోని ప్రతి వాక్యాన్నీ విడిగా చదివితే ఎక్కడా తప్పు కనిపించదు. రెండు పాయలు ఒకదాని వెనుక ఒకటి నడిస్తే జవాబు సరిగానే వస్తుంది. అవి ఒక ప్రత్యేకమైన వరుసలో కలిసినప్పుడు మాత్రమే తప్పు పుడుతుంది. రేపు అదే ప్రోగ్రామును మళ్లీ నడిపితే ఆ తప్పు రాకపోవచ్చు కూడా.

ఇలాంటి పాయలనే కంప్యూటరు పరిభాషలో థ్రెడ్లు అంటారు. థ్రెడ్ అంటే దారం, పోగు. ప్రోగ్రాములోని తప్పును 'బగ్' అనీ, నడుస్తున్న ప్రోగ్రామును ఆపి లోపల ఏం జరుగుతోందో చూపించే సాధనాన్ని 'డీబగ్గర్' అనీ అంటారు. ఒకేసారి పరుగెత్తే పది పోగులను ఒక డీబగ్గర్ ఎలా కనిపెట్టి ఉంటుంది? ఎవరు ఎక్కడ ఉన్నారో దానికి ఎలా తెలుస్తుంది? ఇది తెలియాలంటే ముందు ఒకే పోగు ఉన్న కాలానికి వెళ్లాలి. మన దేశంలో ఆ కాలం కలకత్తాలో మొదలైంది.

మనుషులే కంప్యూటర్లు

భారత గణాంక సంస్థను ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1931లో కలకత్తాలో స్థాపించారు. ప్రెసిడెన్సీ కాలేజీలోని ఒక ప్రయోగశాలలో అది మొదలైంది. తరువాత నగరానికి ఉత్తరాన ఉన్న బరానగర్‌కు చేరింది. 1941లో ఈ సంస్థలో ఒక తెలుగు యువకుడు వచ్చి చేరాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన ఆ యువకుడే తరువాత ప్రపంచ ప్రసిద్ధి పొందిన కల్యంపూడి రాధాకృష్ణారావు. మనకు సి.ఆర్.రావుగా తెలిసిన ఆయన 102 ఏళ్ల వయసులో, 2023లో కన్నుమూశారు.

ఆ రోజుల్లో లెక్కలన్నీ మనుషులే చేసేవారు. ఒకరు కూడతారు, మరొకరు హెచ్చిస్తారు, ఇంకొకరు పట్టికలో రాస్తారు. ఇంతమంది చేతులు మారిన లెక్కలో తప్పు దొర్లితే పట్టేదెలా? బెంగాల్‌లో జనపనార సాగును అంచనా వేసే నమూనా సర్వేలలో మహలనోబిస్ దీనికి ఒక చక్కని ఉపాయం వాడారు. 1937లో చిన్న ఎత్తున మొదలైన ఈ సర్వేలు కొద్ది సంవత్సరాలలో రాష్ట్రమంతటికీ విస్తరించాయి. ఒకే ప్రాంతం నుంచి ఒకదానిలో ఒకటి కలిసిపోయినట్లుండే రెండు నమూనాలు తీస్తారు. ఒక్కో నమూనాను ఒక్కో బృందం, రెండో బృందంతో సంబంధం లేకుండా సర్వే చేస్తుంది. రెండు అంచనాలూ దగ్గరగా వస్తే నమ్మవచ్చు. బాగా తేడా వస్తే ఎక్కడో పొరపాటు జరిగిందని అర్థం.

ఈ పద్ధతికి ప్రాణం ఆ రెండు బృందాలూ వేరువేరుగా ఉండటమే. ఒకరి పుస్తకంలో మరొకరు రాయరు. ఈ మాట గుర్తుంచుకోండి. ఒకే పుస్తకంలో అందరూ రాయడం వల్ల పుట్టే చిక్కులే మన అసలు కథ.

బరానగర్‌కు వచ్చిన యంత్రాలు

అదే సంస్థలో సమరేంద్ర కుమార్ మిత్ర 1953లో ఒక ఎలక్ట్రానిక్ అనలాగ్ కంప్యూటరును తయారుచేశారు. ఏకకాల రేఖీయ సమీకరణాలను సాధించడం దాని పని. ఆ తరువాత 1955-56లో ఇంగ్లండ్ నుంచి హెచ్‌ఇసి-2ఎం అనే డిజిటల్ కంప్యూటరు వచ్చింది. బ్రిటిష్ టాబ్యులేటింగ్ మెషీన్ కంపెనీ తయారుచేసిన ఈ యంత్రానికి మూలం లండన్‌లోని బిర్క్‌బెక్ కాలేజీకి చెందిన ఆండ్రూ బూత్ రూపకల్పన. మన దేశంలో నెలకొల్పిన మొట్టమొదటి డిజిటల్ కంప్యూటరు ఇదే. 1950ల చివరలో ఐక్యరాజ్యసమితి సహాయంతో సోవియట్ యూనియన్ నుంచి 'ఉరాల్' వచ్చింది. 1966లో ఈ సంస్థ, జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం కలిసి ట్రాన్సిస్టర్లతో స్వయంగా ఒక కంప్యూటరును నిర్మించాయి. రెండు సంస్థల పేర్లలోని పొడి అక్షరాలను కలిపి దానికి 'ఐసిజు-1' అని పేరు పెట్టారు.

హెచ్‌ఇసి-2ఎం, ఉరాల్ రెండూ శూన్యనాళికలతో పనిచేసే యంత్రాలు. వాటి స్మృతి ఒక తిరిగే అయస్కాంత డ్రమ్ము. ఉరాల్ డ్రమ్ములో 1,024 పదాలు మాత్రమే పట్టేవి. ఒక్కో పదం 36 బిట్లు. సెకనుకు సుమారు 100 పనులు చేసేది. ఈ రోజు మీ జేబులోని ఫోను సెకనుకు కొన్ని వందల కోట్ల పనులు చేస్తుంది.

అయినా తప్పులు వెతికేవాడికి ఆ యంత్రంలో ఒక సుగుణం ఉండేది. అందులో ఒకసారి ఒకే ప్రోగ్రాము నడిచేది. ఆ ప్రోగ్రాములో ఒకసారి ఒకే ఆదేశం అమలయ్యేది. ఆ తరం యంత్రాల ముందు పలకపై వరుసగా దీపాలు ఉండేవి. యంత్రం లోపలి అంకెలు ఆ దీపాల వెలుగుల్లో కనిపించేవి. మీట నొక్కి ఒక్కొక్క ఆదేశం చొప్పున నడిపించవచ్చు. "ఇప్పుడు ఎక్కడున్నాం?" అన్న ప్రశ్నకు ఒకే ఒక్క జవాబు ఉండేది. ఆ జవాబును దాచి ఉంచే చోటు పేరు 'ఆదేశ గణకం'. తరువాత అమలు కావలసిన ఆదేశం ఎక్కడుందో అది చెబుతుంది.

తప్పులు పట్టే ప్రోగ్రాములు

మీట నొక్కుతూ దీపాలు చూస్తూ కూర్చుంటే లక్షల రూపాయల యంత్రం ఖాళీగా ఉన్నట్లే. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో 1949 మే నెలలో పని మొదలుపెట్టిన ఎడ్‌సాక్ కంప్యూటరు దగ్గర ఈ సమస్య వెంటనే బయటపడింది. తన మిగిలిన జీవితంలో చాలా భాగం తన ప్రోగ్రాములలోని తప్పులు వెతకడానికే సరిపోతుందని ఒకనాడు హఠాత్తుగా తట్టిందని దాని నిర్మాత మారిస్ విల్క్స్ తరువాత రాసుకున్నారు.

ఆయన సహచరుడు స్టాన్లీ గిల్ 1951లో ప్రచురించిన పత్రంలో ఒక మార్గం చూపించారు. తప్పును వెతకడానికి మరో ప్రోగ్రామునే వాడటం! ఈ రెండో ప్రోగ్రాము మొదటిదానిలోని ఆదేశాలను ఒక్కొక్కటిగా తీసుకుని, తానే అమలు చేస్తూ, ఏ ఆదేశం తరువాత ఏది జరిగిందో అచ్చువేస్తుంది. మనిషి చేసే పరిశీలనను యంత్రానికే అప్పగించారన్నమాట. డీబగ్గర్‌కు ఇది ముత్తాత.

1950ల చివరలో అమెరికాలోని ఎంఐటిలో టిఎక్స్-0 అనే కంప్యూటరు ముందు కూర్చుని, టైపు కొడుతూ ప్రోగ్రామును ఆపి చూసే సాధనం ఒకటి తయారైంది. దాని పేరు 'ఫ్లిట్'. మన ఇళ్లలో దోమలకు, నల్లులకు కొట్టిన ఫ్లిట్టు మందు పేరే అది! 1961లో పిడిపి-1 యంత్రానికి వచ్చిన దాని వారసుడి పేరు 'డిడిటి'. బగ్ అంటే పురుగు కాబట్టి పురుగుమందుల పేర్లు. 1970లలో యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టంలో 'పిట్రేస్' అనే ఏర్పాటు వచ్చింది. ఒక ప్రోగ్రాము మరొక ప్రోగ్రామును పట్టుకుని, ఆపి, దాని స్మృతిని చదవడానికి ఆపరేటింగ్ సిస్టం ఇచ్చే అనుమతి ఇది. 1986లో రిచర్డ్ స్టాల్‌మన్ రాసిన జిడిబి అనే డీబగ్గర్ లినక్స్‌లో ఇప్పటికీ ఈ దారినే వాడుతుంది.

ప్రోగ్రామును ఆపే ఉచ్చు

నడుస్తున్న ప్రోగ్రామును కావలసిన చోట ఆపడానికి డీబగ్గర్ చేసే పని చాలా చిత్రమైనది. అది ఆ ప్రోగ్రామును కొద్దిగా చెరిపి రాస్తుంది.

మన కంప్యూటర్లలో ఎక్కువగా కనిపించే ఇంటెల్ తరహా ప్రాసెసరును తీసుకోండి. దానికి ఒకే ఒక్క బైటు పొడవున్న ప్రత్యేక ఆదేశం ఒకటి ఉంది. దాని సంకేతం దశాంశ పద్ధతిలో 204. "ఇక్కడ ఆగి ఆపరేటింగ్ సిస్టంకు చెప్పు" అని దాని అర్థం. మీరు ఫలానా చోట ఆగమని చెప్పగానే డీబగ్గర్ అక్కడ ఉన్న అసలు బైటును తన దగ్గర దాచుకుని, దాని స్థానంలో 204 రాస్తుంది. దీనినే 'బ్రేక్‌పాయింట్' అంటారు. ప్రోగ్రాము అక్కడికి రాగానే ఉచ్చులో పడుతుంది. ఆపరేటింగ్ సిస్టం దాన్ని నిలిపివేసి డీబగ్గర్‌కు కబురు చేస్తుంది.

మళ్లీ నడిపించాలంటే నాలుగు మెట్లు ఉన్నాయి. ఒకటి, ఆదేశ గణకాన్ని ఒక అడుగు వెనక్కి జరపాలి. ఎందుకంటే ప్రాసెసరు అప్పటికే ఆ 204ను దాటింది. రెండు, దాచిన అసలు బైటును తిరిగి పెట్టాలి. మూడు, ఆ ఒక్క ఆదేశాన్ని మాత్రమే నడిపించాలి. దీనికి ప్రాసెసరులోనే ఒక ఏర్పాటు ఉంది. నాలుగు, మళ్లీ 204 పెట్టి ప్రోగ్రామును వదలాలి. ఇదంతా కన్ను మూసి తెరిచేలోగా జరిగిపోతుంది.

ఒకే పోగు ఉన్నంతకాలం ఈ పద్ధతికి తిరుగులేదు. అనేక పోగులు వచ్చాక మూడో మెట్టు దగ్గర ఒక ప్రమాదం పొంచి ఉంది. అది ఏమిటో కొంచెం ఆలోచించండి. జవాబు తరువాత చూద్దాం.

ఒకటి అనేకమైనప్పుడు

1960లలో ఒకే కంప్యూటరును అనేకమంది పంచుకోవడం మొదలైంది. ప్రాసెసరు ఒక పనిని కాసేపు చేసి, పక్కన పెట్టి, మరొక పని అందుకుంటుంది. 1966లో ఎంఐటి విద్యార్థి జెరోమ్ సాల్ట్‌జర్ తన పరిశోధన గ్రంథంలో 'థ్రెడ్' అనే మాటను వాడి, ఆ పేరు సూచించినది విక్టర్ విసోట్‌స్కీ అని పేర్కొన్నారు.

1980ల మధ్యలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో తయారైన 'మాక్' అనే ఆపరేటింగ్ సిస్టం ఈ భావానికి స్పష్టమైన రూపం ఇచ్చింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కృత్రిమ మేధలో కృషికి 1994లో ట్యూరింగ్ బహుమతి పొందిన రాజ్ రెడ్డి 1969 నుంచి పనిచేసిన విశ్వవిద్యాలయం అది. 1993లో విండోస్ ఎన్‌టి, 1995లో యూనిక్స్ కుటుంబానికి థ్రెడ్ల ప్రమాణాలు వచ్చాయి. ఇప్పుడు మీరు తెరిచే బ్రౌజరులో కూడా పదుల కొద్దీ థ్రెడ్లు ఉంటాయి.

పెళ్లివారి వంటశాలను ఊహించుకోండి. గాడిపొయ్యిల దగ్గర నలుగురు వంటవాళ్లున్నారు. సరుకులు, గుండిగలు, ఉప్పు డబ్బా అందరికీ ఉమ్మడి. కాని ప్రతి వంటవాడికీ "నేను ఇప్పుడు ఏ పనిలో ఉన్నాను, ఇది అయ్యాక దేనికి తిరిగి వెళ్లాలి" అన్న లెక్క సొంతం. థ్రెడ్లు కూడా ఇంతే. ప్రోగ్రాము స్మృతి అందరికీ ఉమ్మడి. ఆదేశ గణకంతో సహా ప్రాసెసరు రిజిస్టర్ల విలువలు, 'స్టాక్' అనే సొంత చిట్టా మాత్రం ఎవరివి వారివే. సాంబారులో ఉప్పు వేశారో లేదో తెలియక ఇద్దరూ వేస్తే ఏమవుతుందో మీకు తెలుసు.

అందుకే తాళాలు వచ్చాయి. టోకెన్ పద్ధతి వాడే సింగిల్ లైను రైలు మార్గంలో డ్రైవరు చేతికి టోకెన్ అందనిదే బండి తరువాతి స్టేషనుకు కదలదు. ఆ టోకెన్ ఒకసారికి ఒకటే బయటికి వస్తుంది కాబట్టి రెండు బండ్లు ఎదురుపడవు. నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా 1960లలో ఇదే ఆలోచనను ప్రోగ్రాములలోకి తెచ్చి, రైల్వే సిగ్నలు పేరు మీదే దానికి 'సెమాఫోర్' అని పేరు పెట్టారు.

థ్రెడ్ల హాజరు పట్టీ

ఇప్పుడు డీబగ్గర్ పని చూద్దాం. అది చేయవలసిన మొదటి పని హాజరు వేయడం. ఇక్కడ రెండు సందర్భాలు ఉన్నాయి.

మొదటిది, ప్రోగ్రాము అప్పటికే నడుస్తూ ఉండటం. లినక్స్‌లో ప్రతి ప్రోగ్రాముకూ దాని థ్రెడ్ల సంఖ్యలు చూపించే ఒక జాబితా ఉంటుంది. డీబగ్గర్ ఆ జాబితా చదివి ఒక్కొక్క థ్రెడ్‌నూ పట్టుకుంటుంది. అయితే అది పదో థ్రెడ్‌ను పట్టుకునేలోగా పదకొండోది పుట్టవచ్చు. అందుకని జాబితాను మళ్లీ మళ్లీ చదువుతుంది. కొత్త పేరు ఏదీ కనిపించనప్పుడే హాజరు పూర్తయినట్లు.

రెండోది, తన కళ్లముందే కొత్త థ్రెడ్ పుట్టడం. "ఈ ప్రోగ్రాము కొత్త థ్రెడ్‌ను సృష్టిస్తే నాకు చెప్పు" అని డీబగ్గర్ ఆపరేటింగ్ సిస్టంను ముందే కోరి ఉంచుతుంది. అప్పుడు కొత్త థ్రెడ్ ఒక్క అడుగు కూడా వేయకముందే నిలిచిపోతుంది, డీబగ్గర్‌కు కబురు అందుతుంది. విండోస్‌లోనూ థ్రెడ్ పుట్టినప్పుడు, ముగిసినప్పుడు డీబగ్గర్‌కు ఇలాగే సమాచారం వస్తుంది. ఈ సౌకర్యం లేని తొలినాళ్ల లినక్స్‌లో థ్రెడ్లను సృష్టించే లైబ్రరీలోనే రహస్యంగా ఒక బ్రేక్‌పాయింట్ పెట్టి ఆ పని నెరవేర్చేవారు.

ఇంకో చిక్కు ఉంది. ప్రోగ్రామరు ఎరిగిన థ్రెడ్, ఆపరేటింగ్ సిస్టం ఎరిగిన థ్రెడ్ ఒకటి కాకపోవచ్చు. కొన్ని వ్యవస్థలలో అనేక థ్రెడ్లను కొద్దిపాటి అసలు థ్రెడ్ల మీద వంతులవారీగా నడుపుతారు. అప్పుడు ఎవరు ఎవరి మీద నడుస్తున్నారో ఆ లైబ్రరీకే తెలుసు. సన్ కంపెనీ తన సొలారిస్ వ్యవస్థలో దీనికోసం ఒక దుబాసీ లైబ్రరీని తయారుచేసింది. అది ప్రోగ్రాము స్మృతిలోని పట్టికలు చదివి డీబగ్గర్‌కు అర్థమయ్యేలా చెబుతుంది. లినక్స్ కూడా ఈ పద్ధతిని తీసుకుంది.

అందరినీ ఆపడం

ఒక థ్రెడ్ ఉచ్చులో పడింది. మిగిలినవి? లినక్స్‌లో అవి ఆగవు, పరుగెత్తుతూనే ఉంటాయి. మీరు ఉమ్మడి స్మృతిని చూస్తుండగానే అవి దాన్ని మార్చేస్తాయి. అందుకని డీబగ్గర్ మిగిలిన ప్రతి థ్రెడ్‌కూ "ఆగు" అనే సంకేతం పంపి, ఒక్కొక్కటీ ఆగిందన్న జవాబు వచ్చేదాకా వేచి ఉంటుంది. ఈలోగా మరో రెండు థ్రెడ్లు కూడా తమంతట తామే ఉచ్చులో పడవచ్చు. ఆ కబుర్లను పారేయకుండా పక్కన రాసుకుని, మొదటిదాని సంగతి ముగిశాక చెప్పాలి. అందరూ ఆగాక ఒక్కొక్కరి రిజిస్టర్లు చదివి, స్టాకును వెనక్కి విప్పుకుంటూ పోతే ఎవరు ఏ పనిలో ఉన్నారో, ఎవరు పిలిస్తే అక్కడికి వచ్చారో తెలుస్తుంది.

ఇక ఇందాకటి ప్రశ్నకు జవాబు. మూడో మెట్టులో ఒక థ్రెడ్‌ను ఉచ్చు దాటించడానికి అసలు బైటును తిరిగి పెడతాం కదా! ప్రోగ్రాము ఆదేశాలు కూడా ఉమ్మడి స్మృతిలోనే ఉన్నాయి. కాబట్టి ఆ క్షణంలో ఉచ్చు అందరికీ తొలగిపోయినట్లే. మరో థ్రెడ్ అదే సమయంలో అటుగా వస్తే డీబగ్గర్ కన్నుగప్పి దాటిపోతుంది.

దీనికి రెండు పరిష్కారాలు ఉన్నాయి. ఆ ఒక్క అడుగు ముగిసేదాకా మిగిలినవారిని కదలనివ్వకపోవడం ఒకటి. రెండోది ఇంకా తెలివైనది. ఉచ్చును తీయనే తీయరు. దాని కింద దాగిన ఆదేశాన్ని స్మృతిలో వేరేచోట నకలు రాసి, థ్రెడ్‌ను అక్కడ ఒక్క అడుగు నడిపించి, తరువాత అసలు దారిలోకి చేరుస్తారు. 2009లో వచ్చిన జిడిబి 7.0లో ఒక థ్రెడ్‌ను మాత్రమే ఆపి మిగిలినవాటిని నడవనిచ్చే సౌకర్యం కల్పించారు. దానికి ఈ ఉపాయమే ఆధారం.

చూస్తే మాయమయ్యే తప్పు

ఇంత శ్రద్ధగా కనిపెట్టినా డీబగ్గర్‌కు ఒక పరిమితి ఉంది. థ్రెడ్లు ఏ వరుసలో కలుస్తాయన్నది సెకనులో కోటో వంతు తేడాల మీద ఆధారపడుతుంది. డీబగ్గర్ ఒకదాన్ని ఆపగానే ఆ తేడాలన్నీ మారిపోతాయి. అందుకే వెతకబోతే మాయమయ్యే తప్పులు ఉంటాయి. భౌతికశాస్త్రంలోని హైసెన్‌బర్గ్ పేరు మీద వీటిని 'హైసెన్‌బగ్' అంటారు. 1985లో జిమ్ గ్రే రాసిన ఒక ప్రసిద్ధ పత్రంలో ఈ మాట కనిపిస్తుంది.

ఇది నవ్వుకుని వదిలేసే విషయం కాదు. 1985-87 మధ్య అమెరికా, కెనడాలలో థెరాక్-25 అనే క్యాన్సర్ చికిత్సా యంత్రం ఆరుగురు రోగులకు ప్రమాదకరమైన మోతాదులో రేడియేషన్ ఇచ్చింది. వారిలో కొందరు ఆ దెబ్బకే ప్రాణాలు కోల్పోయారు. టెక్సాస్‌లోని టైలర్ పట్టణంలో 1986 మార్చి, ఏప్రిల్ నెలల్లో రెండు ప్రమాదాలు జరిగాయి. మొదటి ప్రమాదం తరువాత వచ్చి పరీక్షించిన ఇంజనీర్లకు తప్పు కనిపించలేదు. రెండో ప్రమాదం తరువాత ఆ ఆసుపత్రి భౌతికశాస్త్రజ్ఞుడు, యంత్రం నడిపే ఉద్యోగిని కలిసి కూర్చుని, అవే వివరాలను మళ్లీ మళ్లీ టైపు చేసి చూశారు. చివరికి రహస్యం దొరికింది. పొరపాటున కొట్టిన చికిత్సా విధానాన్ని 8 సెకన్లలోపు సరిదిద్దితేనే ప్రమాదం! కంప్యూటరులో ఒక పని అయస్కాంతాలను సరిచేసే ఆ 8 సెకన్లలో, తెర మీద మారిన వివరాలను మరో పని గమనించడం లేదు. రెండు పనులూ ఉమ్మడి స్మృతిలోని అంకెల ద్వారానే మాట్లాడుకునేవి. నెమ్మదిగా టైపు చేసిన ఇంజనీర్లకు తప్పు ఎందుకు దొరకలేదో ఇప్పుడు అర్థమైంది కదా! అనుభవంతో వచ్చిన వేగమే ఆ తప్పును బయటికి లాగింది.

అంగారకుడి మీద డీబగ్గింగ్

రెండో ఉదాహరణ సంతోషంగా ముగిసింది. 1997 జూలై 4న పాత్‌ఫైండర్ వ్యోమనౌక అంగారకుడి మీద దిగింది. కొద్ది రోజులకు దాని కంప్యూటరు ఉన్నట్టుండి తనంతట తానే మళ్లీ మొదలవడం ప్రారంభించింది. అందులోని పనులకు ప్రాధాన్య క్రమం ఉంది. వాతావరణ వివరాలు సేకరించే చిన్న పని ఒక తాళాన్ని తీసుకునేది. చాలా ముఖ్యమైన మరో పనికి అదే తాళం కావాలి. తాళం పట్టుకున్న చిన్న పనిని పక్కకు నెట్టి మధ్యస్థాయి పనులు నడిచేవి. ఫలితంగా వాటికన్నా ముఖ్యమైనది ఆగిపోయేది. అది సమయానికి పూర్తికాలేదని గమనించిన కాపలా ఏర్పాటు కంప్యూటరును మళ్లీ మొదలుపెట్టేది.

కోట్ల కిలోమీటర్ల దూరాన ఉన్న యంత్రాన్ని ఆపి చూడటం సాధ్యం కాదు. ఇంజనీర్లు భూమి మీద ఉన్న నకలు యంత్రంలో ప్రతి సంఘటననూ నమోదు చేసే ఏర్పాటు పెట్టి, అదే తప్పు మళ్లీ జరిగేదాకా నడిపించారు. నమోదైన వరుస చూడగానే కారణం తెలిసింది. తాళం పట్టుకున్న పనికి, దానికోసం ఎదురుచూసే పని ప్రాధాన్యాన్ని తాత్కాలికంగా అరువిచ్చే సౌకర్యం ఆ వ్యవస్థలో ముందే ఉంది. దాన్ని అమల్లో పెట్టమని భూమి నుంచి మార్పు పంపగానే సమస్య తీరిపోయింది.

ఈ 'నమోదు చేసి చూడటం' అనే మార్గం తరువాత బాగా పెరిగింది. మొజిల్లా సంస్థ 2014లో విడుదల చేసిన 'ఆర్ఆర్' అనే సాధనం ప్రోగ్రామును ఒకసారి నడిపి, దాన్ని అలాగే తిరిగి నడపడానికి కావలసిన వివరాలను నమోదు చేస్తుంది. తరువాత అదే పరుగును అచ్చంగా అలాగే ఎన్నిసార్లయినా నడిపిస్తుంది. ఇందుకోసం అది థ్రెడ్లన్నిటినీ ఒకే ప్రాసెసరు మీద ఒకరి తరువాత ఒకరుగా నడుపుతుంది. ఆశ్చర్యం చూడండి! తప్పు దొరకబుచ్చుకోవడానికి మనం మళ్లీ ఉరాల్ నాటి ఒంటి దారికే వచ్చాం. ఇంకో తరహా సాధనాలు, ఇద్దరు ఒకే అంకెను తాళం లేకుండా తాకిన జాడలు వెతికి, జవాబు తప్పకముందే హెచ్చరిస్తాయి.

మీరే చేసి చూడండి

ఈ విషయం చదివి వదిలేయవద్దు. మీ కాలేజీ ప్రయోగశాలలో లినక్స్ ఉన్న కంప్యూటరు మీద ఒక చిన్న సి ప్రోగ్రాము రాయండి. ఒక ఉమ్మడి అంకె సున్నాతో మొదలవుతుంది. రెండు థ్రెడ్లు ఒక్కొక్కటీ దానికి పది లక్షల సార్లు ఒకటి కలుపుతాయి. జవాబు 20 లక్షలు రావాలి. కంపైలరును ఆప్టిమైజేషన్ చేయవద్దని చెప్పి నడిపి చూడండి. సాధారణంగా అంతకంటే తక్కువే వస్తుంది, అదీ ఒక్కోసారి ఒక్కో విధంగా. ఎందుకంటే ఒకటి కలపడం అంటే చదవడం, కూడటం, తిరిగి రాయడం అనే మూడు పనులు. ఒకరు రాసినదాన్ని మరొకరు చెరిపేస్తున్నారు.

తరువాత దాన్ని జిడిబిలో నడపండి. కలిపే చోట బ్రేక్‌పాయింట్ పెట్టి, ఆగగానే 'ఇన్ఫో థ్రెడ్స్' అని అడగండి. హాజరు పట్టీ మీ ముందు ఉంటుంది. 'థ్రెడ్ అప్లై ఆల్ బిటి' అంటే ప్రతి థ్రెడ్ చిట్టా కనిపిస్తుంది. ఒక్కొక్క అడుగే నడిపిస్తూ జవాబు ఎక్కడ తప్పుతుందో కనిపెట్టడానికి ప్రయత్నించండి. చాలాసార్లు తప్పు మీ చేతికి చిక్కదు. చివరగా అంకెకు ఒక తాళం చేర్చి మళ్లీ నడపండి. జవాబు 20 లక్షలే వస్తుంది, కాని పని నెమ్మదిస్తుంది.

ఆ నెమ్మదితనాన్ని తగ్గించాలని ఉందా? అయితే ఒక్కో థ్రెడ్‌కు సొంత అంకె ఇచ్చి, చివరలో మాత్రం రెండిటినీ కూడండి. ఒకరి పుస్తకంలో మరొకరు రాయనవసరం లేకుండా పని పంచడం ఇదే. జవాబు సరిగా వస్తుంది, తాళమూ అక్కర్లేదు. మూడు పద్ధతులకూ పట్టిన సమయాన్ని కొలిచి మీ నోటు పుస్తకంలో పక్కపక్కనే రాసి చూడండి.